పేరు అన్‌లిమిటెడ్, 19వ తేదీకే గొంతు నొక్కేశారు. ఇంటి నెట్‌కి లిమిట్ ఎందుకసలు?

రాత్రిపిట్ట
మా ప్లాన్ పేరులోనే అన్‌లిమిటెడ్ అని ఉంది. స్పీడ్ 200 ఎంబీపీఎస్. నిన్న 19వ తేదీ, రాత్రి ఎనిమిదింటికి పాప ఆన్‌లైన్ క్లాసులో ఉండగా టీచర్ మొహం గళ్లు గళ్లుగా అయిపోయి, నోరు తెరిచినట్టే ఆగిపోయింది. వైరు పీకి మళ్లీ పెట్టాను, కస్టమర్ కేర్ వాళ్ల పాట అరగంట విన్నాను. చివరికి ఒకాయన దొరికి చావు కబురు చల్లగా చెప్పాడు: ఈ నెల 1000 జీబీ దాటేశారు సార్, 1003 అయింది, ఫెయిర్ యూసేజ్ పాలసీ ప్రకారం నెలాఖరు దాకా మీకు 512 కేబీపీఎస్ వస్తుంది. ఇంకా పదకొండు రోజులు ఇలా ఎలా గడపాలి?
టీవీ రోజుకి రెండు గంటలు, పాప క్లాసులు, మావాడి గేమ్, నా ఆఫీసు పని, ఇవన్నీ వేళ్ల మీద లెక్కేసుకున్నా 400 జీబీ దాటదు. మిగతా 600 ఎవడు తాగాడు? అసలు ఇంటి నెట్‌కి ఈ లిమిట్ పెట్టడంలో న్యాయం ఏమైనా ఉందా, లేక ఊరికే పిండుకోవడమేనా?

సున్నా_ఒకటి
అన్‌లిమిటెడ్ అన్నది నెట్ గురించి కాదండీ, వాళ్ల ధైర్యం గురించి.

గిగాబకాసుర
పిండుకోవడమే, ఇందులో అనుమానం ఏముంది. నేను నెలకి 5 టీబీ, అంటే 5000 జీబీ లాగుతాను, మా కంపెనీకి లిమిట్ లేదు, వాళ్లేమీ దివాలా తీయలేదు. వైరు ఎలాగూ వేసేశారు. అందులో బిట్లు పారినా పారకపోయినా వాళ్లకి పడే ఖర్చు ఒక్కటే. నీళ్లో కరెంటో అయితే వాడినకొద్దీ ఎక్కడో ఏదో తరుగుతుంది, బిట్లు తరగవు కదా.

పొదుపరి
@గిగాబకాసుర పేరుకి తగ్గట్టే మాట్లాడారు. మా ఇంట్లో ఇద్దరమే, నెలకి 60 జీబీ దాటదు. మీ 5 టీబీకి, నా 60 జీబీకి బిల్లు ఒకటే ఉంటే మీ సరదాకి నేను చందా కడుతున్నట్టు కాదా? ఎక్కువ వాడేవాళ్లు ఎక్కువ కట్టాలి, ఇందులో అన్యాయం నాకేమీ కనపడలేదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ఉంది మీ వాదన.

గిగాబకాసుర
@పొదుపరి నేను పొదుపుగా ఉంటే మీ బిల్లు తగ్గిస్తారా? ఒక్క కంపెనీ పేరు చెప్పండి, లిమిట్ పెట్టాక తక్కువ వాడేవాళ్ల బిల్లు తగ్గించినది.

పొదుపరి
తగ్గించకపోతే అది వాళ్ల తప్పు, సూత్రం తప్పు కాదు.

లెక్కల_మాస్టారు
కొట్టుకోవడానికి ముందు కొన్ని అంకెలు. @రాత్రిపిట్ట గారి 200 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 200 మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి 25 మెగాబైట్లు. ఆ స్పీడ్‌తో 1000 జీబీ అయిపోవడానికి 40,000 సెకన్లు చాలు, అంటే 11 గంటల 7 నిమిషాలు. నెలంతటికీ అమ్మిన స్పీడ్‌ని నిజంగా వాడుకోగలిగేది సగం రోజు కంటే తక్కువే.
ఇంకోలా చూద్దాం. 1000 జీబీని ముప్ఫై రోజులకి సమంగా పంచితే సగటున 3 ఎంబీపీఎస్ వస్తుంది, కాస్త అటూఇటూగా. అమ్మింది 200, నెల సగటున ఇస్తున్నది 3. సగటు అంత తక్కువ ఉండటం తప్పేమీ కాదు, ఎవరమూ రాత్రింబగళ్లు నెట్ లాగుతూ కూర్చోము. కానీ ప్రకటనలో పెద్ద అక్షరాలతో వేసేది ఏ అంకె, అడుగున చీమల బారులో దాచేది ఏ అంకె అన్నది చూసుకోవాలి.

రాత్రిపిట్ట
@లెక్కల_మాస్టారు పదకొండు గంటలా!! ఆ అంకె వాళ్ల ప్రకటనలో వేస్తే ఒక్కడు కూడా చేరడు.

ఎన్‌ఓసీ_మాజీ
ఇలాంటి ఒక కంపెనీ నెట్‌వర్క్ విభాగంలో పదకొండేళ్లు చేసి బయటికి వచ్చాను, పేరు చెప్పను. రెండు వైపులా తప్పుగా చెబుతున్నారు కాబట్టి కాస్త పెద్దగానే రాస్తాను, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.
బకాసుర గారు, బిట్లు తరగవు, నిజమే. కానీ దారి వెడల్పుకి హద్దుంది. ఫైబర్‌లో ఎక్కువ చోట్ల ఉన్నది జీపాన్, అంటే ఒకే ఫైబర్‌ని చాలా ఇళ్లు పంచుకునే పద్ధతి. కంపెనీ వైపు ఒక పోర్టు నుంచి కిందకి సుమారు 2.5 జీబీపీఎస్ (ఒక జీబీపీఎస్ అంటే 1000 ఎంబీపీఎస్), పైకి సుమారు 1.25. దాన్ని మధ్యలో స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. 64 ఇళ్లకి తలా 200 చొప్పున అమ్మితే 12.8 జీబీపీఎస్ అమ్మినట్టు, చేతిలో ఉన్నది 2.5. ఇది మోసం కాదు, నెట్‌వర్క్ అంటేనే అది. అందరూ ఒకే క్షణంలో పూర్తి స్పీడ్ లాగరు, ఆ నమ్మకం మీదే వ్యాపారమంతా నడుస్తుంది. లేకపోతే ఇప్పుడు కడుతున్న బిల్లుకి ఎన్నో రెట్లు కట్టాలి.
పొదుపరి గారు, మీరు చెప్పినదాంట్లో ఇబ్బంది ఏమిటంటే, కంపెనీకి ఖర్చు పెంచేది నెల మొత్తం వాడకం కాదు. రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా వచ్చే రద్దీ. మేము బయటి నెట్‌వర్క్‌ల దగ్గర లింకు కొనేటప్పుడు బిల్లు చాలాసార్లు 95వ పర్సంటైల్ లెక్కన ఉండేది. ప్రతి అయిదు నిమిషాలకీ ట్రాఫిక్ కొలుస్తారు, నెలకి 8,640 కొలతలు వస్తాయి, వాటిలో పైనున్న 5 శాతం, అంటే 36 గంటల విలువైనవి తీసేసి, మిగిలినవాటిలో అన్నిటికంటే పెద్ద అంకెకి బిల్లు వేస్తారు. మొత్తం ఎన్ని టెరాబైట్లు పోయాయన్నది ఆ బిల్లులో ఎక్కడా ఉండదు. తెల్లవారుజామున మూడింటికి మీరు 100 జీబీ దింపుకుంటే మాకు పైసా తేడా లేదు. రాత్రి తొమ్మిదింటికి ఊరంతా మ్యాచ్ చూస్తుంటే మాకు చెమటలు పట్టేవి. నెల లిమిట్ మాత్రం ఈ రెంటినీ ఒకే గాటన కడుతుంది.

వాణి_ఇంటినుంచే
@ఎన్‌ఓసీ_మాజీ గారు చెప్పింది మొదటిసారి అర్థమైంది నాకు. పోయినేడు నాకు ఉద్యోగం ఇంటర్వ్యూ మధ్యలో ఇలాగే లిమిట్ అయిపోయింది. ఉదయం పదకొండు గంటలకి, వీధిలో అందరూ ఆఫీసులకి పోయి నెట్‌వర్క్ అంతా ఖాళీగా ఉండే టైములో. అవతల ముగ్గురు కూర్చుని ఉన్నారు, నా గొంతు ముక్కలు ముక్కలుగా వెళుతోందని చాట్‌లో రాశారు, నేనేమో వీడియో ఆపేసి ఫోన్ హాట్‌స్పాట్ కోసం చేతులు వణుకుతూ వెతుక్కుంటున్నాను. ఆ టైములో నన్ను అణిచేస్తే ఎవరి రద్దీ తగ్గినట్టు?

సున్నా_ఒకటి
ఉద్యోగం వచ్చిందా మరి?

వాణి_ఇంటినుంచే
వచ్చింది. మొదటి జీతంతో రెండో కంపెనీ కనెక్షన్ కూడా తీసుకున్నాను, టెన్షన్ భరించలేక.

సున్నా_ఒకటి
అంటే లిమిట్ పెట్టి ఒక కంపెనీ ఇంకో కంపెనీకి గిరాకీ తెచ్చిపెట్టిందన్నమాట. పరోపకారం.

పాత_రౌటర్
డయల్‌అప్ రోజుల్లో నిమిషానికి బిల్లు పడేది. పేజీ తెరుచుకునే లోపల ఫోను బిల్లు ఎంత పెరిగిందో అని గోడ గడియారం వంక చూసేవాళ్లం. మెయిల్ మొత్తం ముందే టైపు చేసుకుని, అప్పుడు కనెక్ట్ అయి, పంపి, ఠక్కున కట్ చేసేవాళ్లం. ఆ భయం పోవడానికి పదేళ్లు పట్టింది. ఇప్పుడు మా మనవడు టీవీ ముందు "తాతా ఎన్ని జీబీలు మిగిలాయి" అని అడుగుతుంటే మళ్లీ అదే గడియారం గుర్తొస్తోంది.

పొదుపరి
@ఎన్‌ఓసీ_మాజీ రద్దీయే అసలు కారణమైతే రద్దీ సమయానికే లిమిట్ పెట్టొచ్చుగా? ఎందుకు పెట్టరు?

ఎన్‌ఓసీ_మాజీ
పెట్టినవాళ్లున్నారు. అమెరికాలో కామ్‌కాస్ట్ అనే నెట్ కంపెనీ 2007లో టోరెంట్లని, అంటే జనం ఒకరికొకరు పెద్ద ఫైళ్లు పంచుకోవడాన్ని, అణిచేసిందని పెద్ద గొడవై, 2008లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ తప్పు పట్టాక, వేరే పద్ధతికి మారింది. ఎవరు ఏం వాడుతున్నారన్నది చూడరు. ఒక పోర్టు నిజంగా నిండిపోతున్నప్పుడు మాత్రం, గత కొన్ని నిమిషాలుగా తన స్పీడ్‌లో ఎక్కువ భాగం లాగుతున్నవాణ్ణి కాసేపు వరసలో వెనక్కి నెడతారు. వాడు తగ్గించగానే మళ్లీ మామూలే. దాన్ని 2010లో ఆర్‌ఎఫ్‌సీ 6057 అనే టెక్నికల్ పత్రంగా బయటపెట్టారు కూడా, ఎవరైనా చదువుకోవచ్చు. టెక్నికల్‌గా ఇది కొత్త సంగతేమీ కాదు.

చట్టం_చుట్టం
అక్కడే అసలు తమాషా ఉంది. అదే కామ్‌కాస్ట్ అదే 2008 అక్టోబరులో నెలకి 250 జీబీ లిమిట్ కూడా పెట్టింది! రద్దీకి మందు చేతిలో ఉండగానే. తర్వాత అది 300 అయింది, 2016లో 1 టీబీ, 2020లో 1.2 టీబీ. 2020 మార్చిలో కరోనాకి జనమంతా ఇళ్లలో కూర్చుని, నెట్ వాడకం ఎన్నడూ లేనంత పెరిగినప్పుడు, సరిగ్గా అప్పుడే లిమిట్ ఎత్తేశారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ పెట్టారు. 2025లో కొత్త ప్లాన్లు తెచ్చి వాటిలో లిమిట్ తీసేశారు. ఎందుకంటారా, పోటీకి ఫైబర్ వాళ్లూ వైర్‌లెస్ వాళ్లూ వచ్చి కస్టమర్లని లాక్కుపోతుంటే ఏం చేస్తారు మరి.
రద్దీ కోసమే లిమిట్ అయితే, రద్దీ ఎక్కువైనప్పుడు తీసేసి తక్కువైనప్పుడు పెట్టడమేమిటో ఎవరైనా చెప్పండి.

గిగాబకాసుర
@చట్టం_చుట్టం అన్నా, ఇది ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించాలి.

ఎన్‌ఓసీ_మాజీ
@చట్టం_చుట్టం ఆ వాదనలో సగమే ఉంది. 2020 మార్చిలోనే యూరప్‌లో నెట్‌ఫ్లిక్స్ వాళ్లు ఈయూ అడిగితే వీడియో బిట్‌రేటు, అంటే సెకనుకి పంపే డేటా, తగ్గించారు, ఆ రద్దీ తమాషా కాదు. మా ఆఫీసులో ఆ నెల మేము పోర్టులు పెంచుకుంటూ రాత్రిళ్లు అక్కడే పడుకున్నాం. తట్టుకున్నాం కాబట్టి ఇబ్బందే లేదు అనకండి, తట్టుకోవడానికి డబ్బు ఖర్చయింది.

చట్టం_చుట్టం
ఖర్చు లేదని నేనూ అనలేదు. నెల లిమిట్ ఆ ఖర్చుకి మందు కాదంటున్నాను, అంతే. 2011లో కెనడాలో ఇదే గొడవ. పెద్ద కంపెనీల లైన్లు అద్దెకి తీసుకుని నడిపే చిన్న కంపెనీల మీద కూడా జీబీ లెక్కన బిల్లు వెయ్యొచ్చని అక్కడి నియంత్రణ సంస్థ సీఆర్‌టీసీ అంది. లక్షల మంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. ప్రభుత్వం తిరిగి చూడమంది. ఆ ఏడాది నవంబరుకి పద్ధతి మార్చారు: ఎన్ని జీబీలు అని కాకుండా ఎంత కెపాసిటీ కావాలి అన్నదాని మీద రేటు. ఎన్‌ఓసీ గారు పైన చెప్పిన రద్దీ లెక్కకి దగ్గరగా వచ్చారు కదా.

లెక్కల_మాస్టారు
@రాత్రిపిట్ట మీ 600 జీబీ సంగతి అందరూ మరిచిపోయారు. రౌటర్ యాప్‌లో నెల లెక్క ఉంటుంది, ఏ పరికరం ఎంత వాడిందో కూడా చూపించవచ్చు. చూసి చెప్పండి.

రాత్రిపిట్ట
చూశాను మాస్టారూ. ఇంకా ఘోరం. రౌటర్ ఏమో 934 జీబీ అంటోంది, కంపెనీ మీటర్ 1003 అంటోంది. 69 జీబీ తేడా! అసలు నేను లిమిట్ దాటనే లేదు!! పట్టపగలు దోపిడీ. ఇవాళే ఫిర్యాదు పెడతాను.

గిగాబకాసుర
నేను చెప్పలేదా. మీటరూ వాళ్లదే, జడ్జీ వాళ్లే. పెట్టండి ఫిర్యాదు, వదలొద్దు.

లెక్కల_మాస్టారు
ఆగండాగండి. ఫిర్యాదు పెడితే పరువు పోతుంది. కంపెనీ జీబీ అంటే వంద కోట్ల బైట్లు, గుండ్రంగా. చాలా రౌటర్లూ కంప్యూటర్లూ జీబీ అని రాస్తాయి గానీ లోపల లెక్కేసేది 1024 × 1024 × 1024, అంటే 107 కోట్ల పైచిలుకు బైట్లు. దాని అసలు పేరు గిబిబైట్, ఎవరూ పలకరు. 1003ని 1.0737తో భాగించండి.

రాత్రిపిట్ట
934.1

లెక్కల_మాస్టారు
రెండు మీటర్లూ ఒకే మాట చెబుతున్నాయి, భాషే వేరు.

సున్నా_ఒకటి
కొండను తవ్వి ఎలుకను పట్టారు, ఆ ఎలుక కూడా 1024 గ్రాములే.

ఎన్‌ఓసీ_మాజీ
మీటర్లు అన్నిసార్లూ ఇంత చక్కగా కలవవు లెండి. ప్రతి ప్యాకెట్‌కీ పైన అడ్రసుల మూట ఉంటుంది, 1500 బైట్ల ప్యాకెట్‌లో 40 బైట్లు ఐపీ, టీసీపీ హెడర్లకే పోతాయి, పీపీపీఓఈ అనే లాగిన్ పద్ధతి ఉంటే ఇంకో 8. ఎక్కడ కొలుస్తున్నారన్నదాన్ని బట్టి రెండు మూడు శాతం తేడా మామూలే. పది శాతం దాటితే అప్పుడు అడగండి. కానీ బకాసుర గారన్న ముక్క ఒకటి నిజం: కూరగాయలు తూచే తక్కెడకి కూడా ప్రభుత్వ ముద్ర ఉంటుంది, ఈ మీటర్‌కి మాత్రం మేము చెప్పిందే వేదం. లోపల ఉన్నప్పుడు కూడా నాకు అది నచ్చేది కాదు.

రాత్రిపిట్ట
సరే, మరి మిగతా 600? పరికరాల పట్టీ ఇదిగో, చేత్తో దింపుతున్నాను. టీవీ 160. పాప లాప్‌టాప్ 58. నాది 71. మావాడి గేమ్ డబ్బా 66. ఫోన్లన్నీ కలిపి 36. ఇవి కాక మూడు పేర్లు ఉన్నాయి, ఏవో అంకెలూ అక్షరాలూ, ఒక్కోటీ 181. ఆ మూడూ ఏమిటో అర్థం కావట్లేదు. పక్కింటివాళ్లు మా వైఫై వాడుతున్నారా?

వాణి_ఇంటినుంచే
మూడూ సరిగ్గా ఒకే అంకెనా? పక్కింటివాళ్లు ముగ్గురుండి ముగ్గురూ తూచినట్టు వాడరండీ.

లెక్కల_మాస్టారు
మొదటి అయిదూ కూడితే 391, మూడు 181లు 543. మొత్తం 934. మీ ఇంటి వాడకం వేళ్ల మీద 400 అన్నారు, భేష్, కరెక్టుగా పట్టుకున్నారు. ఆ మూడింటికీ డౌన్‌లోడ్ ఎంత, అప్‌లోడ్ ఎంత?

రాత్రిపిట్ట
అప్‌లోడ్ 181. డౌన్‌లోడ్ సున్నా పాయింట్ ఏదో.
ఓరి దేవుడా. కెమెరాలు. 10వ తేదీన మా వీధిలో బండి ఎవరో ఎత్తుకుపోయారు, అదే రోజు సాయంత్రం మూడు కెమెరాలు పెట్టించాను. అప్‌లోడ్ కూడా లెక్కలోకి వస్తుందా? నేను డౌన్‌లోడ్ ఒక్కటే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఎన్‌ఓసీ_మాజీ
చాలా ప్లాన్లలో రెండూ కలిపే. ఇరవై నాలుగు గంటలూ రికార్డ్ చేసి క్లౌడ్‌కి పంపమని పెట్టి ఉంటారు. ఒక్కో కెమెరా 2 ఎంబీపీఎస్ అనుకుంటే రోజుకి 21.6 జీబీ, మూడింటికీ కలిపి 65. తొమ్మిది రోజులకి 583.

లెక్కల_మాస్టారు
583 జీబీ అంటే రౌటర్ భాషలో 543. అణా పైసలతో సహా సరిపోయింది.

సున్నా_ఒకటి
దొంగ కోసం కెమెరా పెడితే కెమెరాయే దొంగ.

రాత్రిపిట్ట
నవ్వండి. ఇంకో సంగతి వినండి, ఈ కెమెరాలు అమ్మింది ఎవరనుకున్నారు? నెట్ కంపెనీవాళ్లే! లైను బాగుచేయడానికి వచ్చిన కుర్రాడే "సార్ ఆఫర్ ఉంది" అని బిగించి పోయాడు. దీనివల్ల నెల సగంలో మీ డేటా అయిపోతుందని ఒక్క ముక్క చెప్పలేదు.

గిగాబకాసుర
గొడుగు అమ్మేది వాళ్లే, వాన కురిపించేదీ వాళ్లే.

పొదుపరి
నేను లిమిట్ వైపే ఉన్నాను, ఇప్పటికీ ఉన్నాను, కానీ ఇది మరీ అన్యాయం. 80 శాతం దగ్గర ఒక మెసేజ్ పంపితే సరిపోయేదిగా.

రాత్రిపిట్ట
పంపారట. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన పాత నంబరుకి. ఆ సిమ్ వాడటం మానేసి రెండేళ్లయింది. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

వాణి_ఇంటినుంచే
కానీ @ఎన్‌ఓసీ_మాజీ, కెమెరాలు వాడేది మొత్తం 6 ఎంబీపీఎస్. అర్ధరాత్రి రెండింటికి ఖాళీ లైను మీద అది పోతే ఎవరికి నష్టం? మీ లెక్క ప్రకారమే అడుగుతున్నాను.

ఎన్‌ఓసీ_మాజీ
అర్ధరాత్రి నష్టం లేదు. కానీ కెమెరా రాత్రి తొమ్మిదింటికి ఆగదు కదా. పైగా అప్‌లోడ్ దారి సన్నం, ఇందాక చెప్పాను, పోర్టుకి 1.25 జీబీపీఎస్. ఆ 64 ఇళ్లూ ఇలాగే మూడేసి కెమెరాలు పెడితే 384 ఎంబీపీఎస్, దాదాపు మూడో వంతు, పగలూ రాత్రీ ఆగకుండా. ఒక్క ఇల్లు ఏమీ కాదు, వీధంతా కలిస్తే అవుతుంది. మీ ప్రశ్న సరైనదే, జవాబు మాత్రం "ఎవరికీ లేదు" కాదు.

వాణి_ఇంటినుంచే
అయితే కెమెరా అమ్మేముందు ఆ లెక్క వాళ్లు చూసుకోవాలి. అమ్మేది అమ్మి, వాడితే కోప్పడటం ఏం పద్ధతి.

చట్టం_చుట్టం
అమెరికాలో 2024 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు ప్లాన్ అమ్మే చోటే ఒక చీటీ చూపించాలి: స్పీడ్ ఎంత, డేటా ఎంత, దాటితే ఎంత పడుతుంది, అన్నీ ఒకే చోట. అదే ఏడాది అక్టోబరులో ఎఫ్‌సీసీ ఈ లిమిట్ల మీద విచారణ కూడా మొదలుపెట్టింది. ఇండియాలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016లో ఇంటి బ్రాడ్‌బ్యాండ్‌కి లిమిట్ దాటాక కూడా 512 కేబీపీఎస్ కంటే దించొద్దని ఆదేశించింది. @రాత్రిపిట్ట గారికి వస్తున్న ఆ 512 అంకె ఎవరో గాలిలోంచి పట్టుకున్నది కాదు.

రాత్రిపిట్ట
512 కూడా రావట్లేదండీ. మెసేజ్ పోవడానికి రెండు నిమిషాలు. ఈ పోస్టులన్నీ ఫోన్ డేటా మీద రాస్తున్నాను.

పాత_రౌటర్
మాకు 56కే మోడెమ్ మీద మెయిల్ వెళ్లేది, మీకు దానికి తొమ్మిది రెట్లున్నా వెళ్లట్లేదంటే ఇంకేదో ఉంది. కెమెరాలు ఇంకా నడుస్తున్నాయా?

రాత్రిపిట్ట
ఆ, నడుస్తున్నాయి.

ఎన్‌ఓసీ_మాజీ
పాత_రౌటర్ గారు పట్టేశారు. 512 సందులోంచి 6 ఎంబీపీఎస్ తోయాలని మూడు కెమెరాలూ కుమ్ముకుంటున్నాయి. అప్‌లోడ్ మూసుకుపోతే డౌన్‌లోడ్ కూడా చచ్చిపోతుంది, ఎందుకంటే వచ్చిన ప్రతి ముక్కకీ "అందింది" అని మీ వైపు నుంచి చిన్న జవాబు వెళ్లాలి, అదీ ఆ క్యూలోనే నిలబడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ముందు వాటిని పీకెయ్యండి. తర్వాత కదలిక ఉన్నప్పుడే రికార్డ్ చేసేలా మార్చి, లోపల మెమరీ కార్డు పెట్టండి.

రాత్రిపిట్ట
పీకేశాను. మెసేజ్ టక్కున వెళ్లింది! మెయిల్ తెరుచుకుంది. వీడియో లేదు గానీ పాప క్లాసు ఆడియో మాత్రం వస్తోంది. పదకొండు రోజులు దీంతో నెట్టుకొస్తాం. థాంక్స్ అందరికీ.

గిగాబకాసుర
అంటే ఇప్పుడు అందరూ కలిసి తప్పు కెమెరాది అని తేల్చేసి కంపెనీని వదిలేస్తున్నారా? అసలు ప్రశ్న అలాగే ఉంది. లిమిట్ ఎందుకు? నేను తెల్లవారుజామునే దింపుకుంటాను, ఎన్‌ఓసీ గారే చెప్పారు నా వల్ల పైసా నష్టం లేదని.

ఎన్‌ఓసీ_మాజీ
వదల్లేదు. నన్నడిగితే, రద్దీ గంటల్లో మాత్రం బరువు వాడకాన్ని కాస్త వెనక్కి నెట్టండి, మిగతా టైములో వదిలెయ్యండి. నెల లిమిట్ అక్కర్లేదు. కానీ అది అమ్మడం కష్టం, "రాత్రి ఎనిమిది తర్వాత పరిస్థితిని బట్టి" అని ప్రకటన వెయ్యలేరు. జీబీ అంకె అయితే అమ్మడం తేలిక, దాటితే ఇంకో పెద్ద ప్లాన్ అమ్మడం ఇంకా తేలిక. మా మీటింగుల్లో లిమిట్ గురించి మాట్లాడింది ఎక్కువగా సేల్స్ వాళ్లే, నెట్‌వర్క్ వాళ్లం కాదు. అంతకంటే చెప్పను.

పొదుపరి
నాకు మాత్రం తక్కువ వాడేవాళ్లకి తక్కువ బిల్లు ఉండే ప్లాన్ కావాలి. లిమిట్‌తోనైనా సరే. 60 జీబీ ఇంటికి 200 ఎంబీపీఎస్ ఎందుకు అంటగడతారు?

లెక్కల_మాస్టారు
@పొదుపరి అది న్యాయమైన కోరికే. కానీ చిన్న ప్లాన్ చిన్నదని చెప్పి అమ్మడం వేరు, అన్‌లిమిటెడ్ అని చెప్పి అమ్మడం వేరు. మొదటిదానికి నా ఓటు కూడా వేస్తాను.

గిగాబకాసుర
నాకు అంతదాకా అభ్యంతరం లేదు. పొదుపరి గారితో ఏకీభవించిన మొదటి, చివరి రోజు ఇది.

పొదుపరి
స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నాను.

రాత్రిపిట్ట
పదకొండు రోజుల తర్వాత. ఈ అర్ధరాత్రి పన్నెండుకి లెక్క మళ్లీ మొదలైంది. 12:01కి స్పీడ్ చూశాను, 203 వచ్చింది. కెమెరాలు కదలిక మీద పెట్టాను, కార్డులు వేశాను, కంపెనీలో ఫోన్ నంబరు మార్పించాను. హాయిగా పడుకుందామని లేచేసరికి రౌటర్ మీద లైటు పిచ్చిగా కొట్టుకుంటోంది. యాప్ తెరిచి చూస్తే గేమ్ డబ్బా. మావాడు ఈ పదకొండు రోజులూ వరసలో పెట్టి ఉంచిన అప్‌డేట్‌లు, ఒక్క గేమ్‌వే 94 జీబీ.

లెక్కల_మాస్టారు
512 మీద అయితే అది 17 రోజులు పట్టేది. ఇప్పుడు గంటా మూడు నిమిషాలు.

రాత్రిపిట్ట
వాణ్ణి లేపి అడిగాను. "అర్ధరాత్రి అయితే కంపెనీకి పైసా నష్టం లేదంట కదా నాన్నా" అంటున్నాడు. ఈ పేజీ చదివాడు వెధవ.